ఆంగ్ల దీర్ఘపదాలు: అక్షర విభాగం, పదాంశ విభాగం – ప్రాచ్యవిద్యా దృష్టి

ప్రస్తావన

కాదంబరిలోని దీర్ఘసమాసాన్ని విడదీసి, విగ్రహవాక్యం చెప్పి, ఏ పదం దేనికి విశేషణమో చూపగల విద్యార్థి ఆంగ్లపాఠంలో ‘ఇర్రెస్పాన్సిబిలిటీ’ అనే ఒక్క మాట ఎదురుకాగానే ఆగిపోతాడు. ప్రాచ్యకళాశాలల్లో ఆంగ్లం బోధించినవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. అతడు ఆ మాటను పదహారు వర్ణాల వరుసగా కంఠస్థం చేయబోతాడు. నడుమ ఒక వర్ణం జారితే మొత్తం మాట జారిపోతుంది. ఇలాంటి అనుభవాలు నాలుగైదు కాగానే, ‘సంస్కృతం చదివినవాడికి ఇంగ్లీషు అబ్బదు’ అనే నిర్ణయానికి అతడే వచ్చేస్తాడు. పెద్దలు కొందరు దానిని సమర్థిస్తారు కూడా.

ఈ నిర్ణయం తప్పని నిరూపించడమే ప్రస్తుత వ్యాసం ఉద్దేశం. దీర్ఘపదాన్ని విభజించే విద్య మన విద్యార్థికి లేనిది కాదు. ఉన్న విద్యను ఆంగ్లం మీద ఎలా ప్రయోగించాలో అతడికి ఎవరూ చెప్పలేదు, అంతే. అయితే ఇందులో ఒక మెలకువ ఉంది. పదాన్ని ఉచ్చారణ కోసం విభజించడం వేరు, అర్థం కోసం విభజించడం వేరు. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లనే ఆంగ్లబోధనలో చాలా చిక్కులు పుడుతున్నాయి. రెండూ వేరని మొదటి నుంచి తెలిసిన సంప్రదాయం మనది.

పరిభాష విషయంలో ఒక మనవి. ఈ వ్యాసంలో ‘అక్షరం’ అంటే అచ్చు కేంద్రంగా ఒక్క ఊపులో పలికే ధ్వనిసముదాయం. ఆంగ్లలిపిలోని విడి గుర్తును ‘వర్ణం’ అని వ్యవహరిస్తున్నాను. అర్థం గల కనిష్ఠభాగం ‘పదాంశం’. అక్షర విభాగానికి అడ్డగీతను, పదాంశ విభాగానికి కూడిక గుర్తును వాడుతున్నాను.

ఒక పదం – మూడు విభాగాలు

‘విద్యార్థి’ అనే మాటనే తీసుకుందాం. వ్రాతలో దీని విభాగం వి-ద్యా-ర్థి. ఉచ్చారణలో విద్-యార్-థి. అర్థంలో విద్యా+అర్థి. మొదటిది లిపి విభాగం, రెండవది ధ్వని విభాగం, మూడవది పదాంశ విభాగం. ఛందస్సు చదివిన విద్యార్థి ‘వి’ అనే హ్రస్వాక్షరాన్ని గురువుగా లెక్కించి ఈ పదాన్ని త గణం అంటాడు. ఎందుకు గురువు అయింది? వెనుక ఉన్న సంయుక్తాక్షరంలోని దకారం పూర్వాక్షరానికి ఆనుకొని పలుకుతుంది కాబట్టి. అంటే లిపి ‘ద్యా’ అని కలిపి చూపినా, చెవి ‘విద్’ అని విడదీసి వింటున్నదన్నమాట. అదే విద్యార్థి వ్యాకరణపాఠంలో ‘ద్యా’లోని ఆకారాన్ని సవర్ణదీర్ఘంగా గుర్తించి, దాన్ని రెండు పదాలకు పంచుతాడు.

గణవిభజన చేసేటప్పుడు పదచ్ఛేదాన్ని, పదచ్ఛేదం చేసేటప్పుడు గణవిభజనను పక్కన పెట్టడం మన తరగతుల్లో నిత్యకృత్యం. పద్యపాదంలో గణం పదం నడుమ ముగిసిందని ఎవరూ కలత చెందరు. ఆంగ్లపదం దగ్గర కూడా ఇదే నిబ్బరం కావాలి.

అక్షర విభాగం – ప్రాతిశాఖ్యల వెలుగులో

అచ్చు ఒంటరిగా ఉన్నా, హల్లుతోనో అనుస్వారంతోనో కూడి ఉన్నా అది అక్షరమని ఋక్ప్రాతిశాఖ్య నిర్వచించింది. హల్లులు ఏ అచ్చుకు అంగాలవుతాయో తైత్తిరీయ ప్రాతిశాఖ్య చెప్పింది. దాని సారాంశం ఇది: హల్లు సాధారణంగా తరువాతి అచ్చుకు చెందుతుంది. పదాంతంలోని హల్లు ముందరి అచ్చుకు చెందుతుంది. సంయోగంలోని మొదటి హల్లు కూడా ముందరి అచ్చుకే చెందుతుంది.

ఈ మూడు సూత్రాలను ఆంగ్లానికి అన్వయిస్తే ఎంత దూరం వెళ్లగలమో చూడండి. ‘పైలట్’లో నడిమి హల్లు ఒక్కటే. అది తరువాతి అచ్చుకు చేరి పై-లట్ అవుతుంది. చివరి టకారం పదాంతంలో ఉన్నది కనుక ముందరి అచ్చుకే చెందింది. ‘విండో’లో నకార డకారాలు కలిసి ఉన్నాయి. మొదటిది ముందుకు చేరి విన్-డో అవుతుంది. ఆంగ్ల ఉపాధ్యాయులు ప్రాథమిక తరగతుల్లో చెప్పే అక్షర విభాగ నియమాలలో ముఖ్యమైనవి ఇవే.

ఈ పోలికను కేవలం అభిమానంతో చెప్పిన మాటగా తీసుకోనక్కరలేదు. తైత్తిరీయ ప్రాతిశాఖ్యను త్రిభాష్యరత్న వ్యాఖ్యతో సహా పరిష్కరించి, ఆంగ్లానువాదంతో 1871లో ప్రకటించిన విలియం డ్వైట్ విట్నీయే 1889–1891 మధ్య వెలువడిన సెంచురీ ఆంగ్ల నిఘంటువుకు ప్రధాన సంపాదకుడు. ప్రాతిశాఖ్యల అక్షరచర్చను క్షుణ్ణంగా చదివిన పండితుడే ఆంగ్లభాష మహానిఘంటువుకు కూడా సారథ్యం వహించాడన్నది మన విద్యార్థులకు చెప్పదగిన విషయం.

అయితే ఈ సూత్రాలు ఆగిపోయే చోట్లు కూడా ఉన్నాయి. వాటిని దాచరాదు.

ఒకటి: ‘సీక్రెట్’ అనే మాటలో క్ర సంయోగం ఉన్నా దాని విభాగం సీ-క్రెట్. ఇక్కడ సంయోగం మొత్తం తరువాతి అక్షరానికి పోయింది. ఆంగ్లంలో ఒక సంయోగం పదాదిలో రాగలదా లేదా అన్నది చూడాలి. ‘క్ర’తో మొదలయ్యే ఆంగ్లపదాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి అది విడిపోనక్కరలేదు. ‘న్డ’తో మొదలయ్యే ఆంగ్లపదం లేదు కాబట్టి అది విడిపోక తప్పదు. తెలుగు ఛందస్సులో ‘అద్రుచు’, ‘విద్రుచు’ వంటి మాటల్లో రేఫసంయోగాన్ని తేల్చి పలికినప్పుడు ముందరి అక్షరం లఘువుగానే నిలవడం మనకు తెలిసినదే. కనుక ఈ మినహాయింపు కూడా మన విద్యార్థికి పూర్తిగా అపరిచితం కాదు.

రెండు: ‘హ్యాబిట్’ వంటి మాటల్లో నడిమి హల్లు ఒక్కటే అయినా, ముందరి అచ్చు హ్రస్వమై ఊనిక కలది కావడం వల్ల ఆ హల్లు ముందుకే లాగబడుతుంది. దీనిపై ఆంగ్లేయులలోనే వివాదం నడిచింది. 1740లో వెలువడిన థామస్ డిల్వర్త్ వర్ణక్రమ పాఠపుస్తకం ఈ మాటను హా-బిట్ అన్న తీరున విడదీసింది. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1783లో ప్రకటించిన తన పాఠపుస్తకంలో దాన్ని ఖండించి, పలికే తీరునే అనుసరించి విభజించాలని పట్టుబట్టాడు. హల్లును ముందరి అచ్చుకు చేర్చి విడదీస్తే, ఆ అచ్చును హ్రస్వంగా పలకాలని బాలుడికి తనంతట తెలుస్తుందన్నది అతడి వాదం. హల్లు వెళ్లిపోయి అచ్చుతో ముగిసిన అక్షరంలో అచ్చు దీర్ఘంగా, హల్లుతో మూసుకొన్న అక్షరంలో హ్రస్వంగా పలకడం ఆంగ్లంలో చాలా చోట్ల కనబడుతుంది. ‘డైనర్’కు ఎన్ ఒకటి, ‘డిన్నర్’కు ఎన్ రెండు ఉండటంలోని మర్మం ఇదే. అక్కడ రెండవ ఎన్ ద్విత్వోచ్చారణ కోసం వచ్చినది కాదు, మొదటి అక్షరాన్ని మూయడానికి వచ్చినది.

మూడు: ‘బాటిల్’, ‘బటన్’, ‘రిథమ్’ వంటి మాటల చివరి అక్షరంలో చాలామంది ఆంగ్లేయులు అచ్చును పలకనే పలకరు. లకార, నకార, మకారాలే అక్షరానికి కేంద్రాలవుతాయి. హల్లు అక్షరకేంద్రం కావడమేమిటని విద్యార్థి అడిగితే, అతడి వర్ణమాలనే చూపవచ్చు. ఋకారం, ఌకారం మన అచ్చుల వరుసలో ఎందుకు ఉన్నాయి? కౢప్ ధాతువు రూపాల్లో తప్ప కనబడని ఌకారానికి పూర్వులు అచ్చు స్థానం ఇచ్చారంటే, లకారధ్వని అక్షరాన్ని మోయగలదని వారు గుర్తించారన్నమాట.

ఇక తెలుగువారి ఉచ్చారణలో వచ్చే ప్రధానదోషం అక్షరసంఖ్య పెరగడం. తెలుగు అజంతభాష. ఆంగ్లంలో ఏకాక్షరమైన మాట మన నోట ‘బస్సు’, ‘కారు’, ‘గ్లాసు’ అని ద్వ్యక్షరం అవుతుంది. తెలుగులో అది తప్పు కాదు. భాష తన స్వభావానికి తగినట్లు ఆ మాటలను స్వీకరించింది. ఆంగ్లం మాట్లాడేటప్పుడు మాత్రం చివరి ఉకారాన్ని విడిచిపెట్టాలి. దీర్ఘపదంలో ఇలాంటి అదనపు అచ్చులు రెండు మూడు చేరితే వినేవారికి పదం గుర్తు దొరకదు. అక్షరాలను వ్రేళ్లమీద లెక్కపెట్టించడం దీనికి సులభమైన చికిత్స.

పదాంశ విభాగం – ప్రకృతి, ప్రత్యయం, సంధి

ఋగ్వేద సంహితను శాకల్యుడు పదపాఠంగా విడదీసినప్పుడు, పదాల మధ్యనే కాక సమాసాంగాల మధ్య, కొన్ని ప్రత్యయాల ముందు కూడా అవగ్రహంతో విరామం చూపాడు. పదం లోపలి అతుకులను చూపే ఆ పద్ధతినే ఆంగ్ల దీర్ఘపదానికి వర్తింపజేయవచ్చు.

ఒకసారి తరగతిలో ఒక విద్యార్థి, ‘గవర్నమెంట్’ వర్ణక్రమంలో ఎమ్‌కు ముందు ఎన్ ఎందుకు, పలకడం లేదు కదా అని ప్రశ్నించాడు. నేను జవాబు చెప్పేలోగా వెనుక వరుసలోని మరో విద్యార్థి లేచి, ‘గవర్న్ ప్రకృతి, మెంట్ ప్రత్యయం. ప్రకృతిలోని నకారం ఎక్కడికి పోతుంది?’ అన్నాడు. వర్ణక్రమం గురించి ఒక పూట ఉపన్యసించినా అంతకంటె స్పష్టంగా చెప్పలేను.

ఆ విద్యార్థి పట్టుకొన్న సూత్రం చాలా మాటలకు చాలుతుంది. ‘మిస్‌స్పెల్’లో ఎస్ రెండెందుకు? మిస్+స్పెల్ కనుక. ‘డిసప్పియర్’లో ఎస్ ఒకటే ఎందుకు? డిస్+అప్పియర్ కనుక. ‘డిస్సాటిస్‌ఫై’లో మళ్లీ రెండెందుకు? డిస్+సాటిస్‌ఫై కనుక. ‘అన్‌నెసెసరీ’లో రెండు ఎన్‌లు, ‘ఇంటరప్ట్’లో రెండు ఆర్‌లు కూడా ఇలాగే వచ్చాయి. ‘సైన్’ అనే మాటలో పలకని జి వర్ణం ‘సిగ్నేచర్’లో స్పష్టంగా పలుకుతుంది. ఆంగ్ల వర్ణక్రమం చాలా చోట్ల ఉచ్చారణను కాక ప్రకృతిని కాపాడుతుంది. ఈ ఒక్క మాట తెలిస్తే ఆ వర్ణక్రమం అరాచకంగా కనిపించదు.

అతుకుల దగ్గర సంధి కూడా ఉంది. లాటిన్ నుంచి వచ్చిన నిషేధార్థక ‘ఇన్’ అనే ఉపసర్గ ‘ఇంపాసిబుల్’లో ఇమ్, ‘ఇల్లీగల్’లో ఇల్, ‘ఇర్రెగ్యులర్’లో ఇర్ అవుతుంది. ఓష్ఠ్యమైన పకారం ముందు నకారం మకారం కావడం మనకు పరసవర్ణంగా పరిచితం. లకారం ముందు లకారం కావడం ‘తత్+లీన’ ‘తల్లీన’ అయినట్లే ఉన్నది. ‘తోర్లి’ సూత్రం చదివినవాడు ‘ఇల్లీగల్’లో రెండు ఎల్‌లు ఉంటాయని మరచిపోలేడు. ఒక్క హెచ్చరిక అవసరం. ఈ మార్పులు ప్రధానంగా లాటిన్‌లో జరిగి ఆంగ్లంలోకి వచ్చినవి. ఆంగ్లానికి సొంతమైన ‘అన్’ ఉపసర్గ వ్రాతలో ఇలా మారదు.

గ్రీకు నుంచి వచ్చిన నిషేధార్థకం ఇంకా ఆసక్తికరం. హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’ అవుతుంది. ‘ఎథీస్ట్’లో థకారం ముందు మొదటి రూపం, ‘అనార్కీ’లో అకారం ముందు రెండవ రూపం ఉన్నాయి. మన ‘అధర్మం’, ‘అనాది’ పదాలలో జరిగినది సరిగ్గా ఇదే. నఞ్ లోని నకారానికి లోపాన్ని, అచ్చు పరమైనప్పుడు నుడాగమాన్ని పాణిని విధించాడు. గ్రీకు, లాటిన్, సంస్కృత, ఆంగ్ల నిషేధార్థకాలన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవని తులనాత్మక భాషాశాస్త్రం నిర్ణయించింది. ఈ భాషల్లో కొన్నింటికి ఏకమూలం ఉండి తీరాలని విలియం జోన్స్ 1786లో కలకత్తా ఉపన్యాసంలో సూచించినప్పటి నుంచి ఆ శాస్త్రం పెరుగుతూ వచ్చింది. కనుక ఈ పోలిక యాదృచ్ఛికం కాదు, చుట్టరికం.

ప్రత్యయాలకూ ఊనికకూ ఉన్న సంబంధం మరొక ముఖ్యాంశం. ‘ఫోటోగ్రాఫ్’లో ఊనిక మొదటి అక్షరం మీద, ‘ఫొటాగ్రఫీ’లో రెండవదాని మీద, ‘ఫోటోగ్రాఫిక్’లో మూడవదాని మీద ఉంటుంది. విద్యార్థికి ఇది గందరగోళంగా తోస్తుంది. కాని ‘ఇక్’, ‘ఇటీ’, ‘షన్’ ప్రత్యయాలు చాలా వరకు తమకు ముందున్న అక్షరం మీదికి ఊనికను లాగుతాయి. ‘ఎంప్లాయీ’, ‘ట్రెయినీ’ మాటల్లోని ‘ఈ’ ప్రత్యయం ఊనికను తానే తీసుకొంటుంది. ‘నెస్’, ‘ఫుల్’, ‘మెంట్’ ప్రత్యయాలు ప్రకృతి ఊనికను కదపవు. పాణినీయంలో లిత్ ప్రత్యయానికి ముందరి అచ్చు ఉదాత్తమవుతుంది. చిత్ అయితే చివరి అచ్చు ఉదాత్తమవుతుంది. ప్రత్యయాన్ని బట్టి స్వరం నిర్ణయమవుతుందన్న భావన మన వ్యాకరణంలో ఇంత స్పష్టంగా ఉంది. వైదికస్వరం ప్రధానంగా స్థాయికి, ఆంగ్లపు ఊనిక బలానికి సంబంధించినవి. అవి ఒకటే అని నేను అనడం లేదు. ‘ఇక్, ఇటీ ప్రత్యయాలు లిత్తుల వంటివి’ అని చెబితే వ్యాకరణ విద్యార్థి జ్ఞాపకంలో ఆ నియమం నిలుస్తుందన్నంత వరకే నా మాట. ‘పాలిటిక్స్’, ‘క్యాథలిక్’ వంటి అపవాదాలను వేరే పట్టికగా ఇవ్వాలి.

రెండు విభాగాలు విడిపోయే చోటు

‘ఫొటాగ్రఫీ’ని పదాంశాలుగా విడదీస్తే ఫోటో+గ్రాఫ్+ఈ. నిఘంటువు చూపే అక్షర విభాగంలో ఫొ-టాగ్-ర-ఫీ. రెండవ అక్షరంలోని టకారం ‘వెలుగు’ అనే అర్థమిచ్చే గ్రీకు పదానిది. గకారం ‘వ్రాయడం’ అనే అర్థమిచ్చే మరో పదానిది. ‘టాగ్’ అన్న ముక్కకు అర్థం లేదు. ‘విద్యార్థి’లో ‘యార్’ అన్న ముక్కకు అర్థం లేనట్లే.

ఆంగ్లంలో దీర్ఘపదానికి ఉదాహరణగా తరచు చెప్పే ‘యాంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం’ ఇరవై ఎనిమిది వర్ణాల మాట. రాజ్యానికీ అధికారిక చర్చికీ ఉన్న బంధాన్ని తెంచరాదనే పక్షానికి ఇది పేరు. 19వ శతాబ్దపు బ్రిటిష్ రాజకీయాల్లో ఈ వివాదం వాస్తవంగానే నడిచింది. 1869 నాటి చట్టం ఐర్లండ్ చర్చికి ఆ హోదాను 1871 నుంచి తొలగించింది. యాంటీ+డిస్+ఎస్టాబ్లిష్+మెంట్+ఏరియన్+ఇజం అని ఆరు పదాంశాలు చూపగానే అర్థం లోపలి నుంచి బయటికి విచ్చుకొంటుంది. స్థాపన, దానికి రద్దు, ఆ రద్దుకు వ్యతిరేకత, అలాంటి పక్షంవాడు, ఆ వాదం. ఉచ్చారణకు వచ్చేసరికి ‘మెంట్’ చివరి టకారం తరువాతి అచ్చుతో కలిసి మెన్-టే అవుతుంది. పలికే అక్షరాలు పన్నెండు, పదాంశాలు ఆరు. రెండు లెక్కలూ సరైనవే.

ముద్రణలో కూడా ఈ ద్వైధం కనబడుతుంది. పంక్తి చివర పదాన్ని విరచవలసి వస్తే బ్రిటిష్ ముద్రాపకులు సంప్రదాయంగా పదనిర్మాణానికి, అమెరికన్ ముద్రాపకులు ఉచ్చారణకు ప్రాధాన్యం ఇచ్చారు. ‘నాలెడ్జ్’ అనే మాటను బ్రిటిష్ పద్ధతి డబ్ల్యు తరువాత, అమెరికన్ పద్ధతి ఎల్ తరువాత విరుస్తుంది. ‘రికార్డ్’ వంటి మాటకు నామవాచకంగా ఒక విభాగం, క్రియగా మరొక విభాగం. అర్థం తెలియకుండా దాన్ని విరచడం సాధ్యం కాదు. 1983లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్లిన్ లియాంగ్ సమర్పించిన సిద్ధాంతవ్యాసం ఈ పనిని కంప్యూటరుకు నేర్పింది. అతడు రూపొందించిన 4,447 వర్ణక్రమాల నమూనాలు నిఘంటువులోని విరుపులలో 89 శాతాన్ని పట్టుకొన్నాయి. మిగిలిన భాగం, వర్ణాల వరుస ఒక్కటే చూసి విభాగాన్ని సంపూర్ణంగా నిర్ణయించలేమని గుర్తుచేస్తూ ఉంటుంది.

అపవిభాగం – దోషమూ, దాని ఫలమూ

ధ్వని విభాగాన్ని పదాంశ విభాగంగా భ్రమిస్తే ఏమవుతుంది? ‘హెలికాప్టర్’ అనే మాట గ్రీకులో ‘సుడి’ అనే అర్థమున్న హెలిక్స్, ‘రెక్క’ అనే అర్థమున్న ప్టెరాన్ పదాల నుంచి కట్టినది. అంటే పదాంశాలు హెలికో+ప్టర్. కాని చెవికి హెలి-కాప్టర్ అని వినిపించింది. ఆ వినికిడి నుంచి ‘హెలి’ అనేది స్వతంత్ర పదాంశమై ‘హెలిప్యాడ్’, ‘హెలిపోర్ట్’ పుట్టాయి. అలాగే హాంబర్గ్ నగరం పేరుమీద వచ్చిన ‘హాంబర్గర్’లో అసలు విభాగం హాంబర్గ్+అర్. దాన్ని హామ్+బర్గర్ అని చీల్చడం వల్ల ‘బర్గర్’ అన్న కొత్త మాట ఏర్పడింది.

దీన్ని చూసి నవ్వుకొనేముందు మన సాహిత్యాన్ని తలచుకోవాలి. ఋగ్వేదంలో ‘అసుర’ శబ్దం వరుణాదులకు గౌరవవాచకంగా కూడా కనబడుతుంది. అందులోని అకారం నిషేధార్థకం కాదు. తరువాతి కాలంలో అ+సుర అని విడదీయడం వల్ల దేవతలకు ‘సుర’ శబ్దం ఏర్పడిందని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ‘విధవా’ శబ్దమూ ఇలాంటిదే. లాటిన్, ఆంగ్ల భాషల్లో సజాతీయ రూపాలున్న ప్రాచీనమైన అఖండపదమది. దాన్ని వి+ధవా అని చీల్చి ‘ధవ’ అంటే భర్త అనే పదాన్ని సాధించుకొన్నారు. యాస్కుడు నిరుక్తంలో చెప్పిన నిర్వచనాలలో ధవ శబ్దంతో ముడిపెట్టినదీ ఒకటి ఉంది. అపవిభాగం భాషకు కొత్త పదాలను కూడా ప్రసాదిస్తుంది. విద్యార్థికి మాత్రం అది ప్రమాదకరం. ‘అండర్’లో అన్ ఉపసర్గ లేదు, ‘రీడింగ్’లో రీ ఉపసర్గ లేదు. భాగాన్ని తీసివేయగా మిగిలినదానికి అర్థం కుదురుతున్నదా అని పరీక్షించిన తరువాతనే ఉపసర్గ అనాలి.

బోధనాక్రమం – ఒక ఉదాహరణ

పై చర్చను తరగతిలో ఆచరణకు తేవడానికి ‘ఇర్రెస్పాన్సిబిలిటీ’నే ఉదాహరణగా తీసుకొందాం.

మొదట చివరి నుంచి ప్రత్యయాలను విప్పాలి. ‘ఇటీ’ భావార్థక ప్రత్యయం. దాన్ని తీస్తే ‘ఇర్రెస్పాన్సిబిల్’ మిగులుతుంది. విడిగా అది ‘ఇర్రెస్పాన్సిబుల్’. ‘ఇటీ’ ముందు ‘బుల్’ ‘బిల్’గా మారుతుంది. గురు శబ్దానికి ప్రత్యయం చేరి ‘గౌరవం’ అయినప్పుడు ప్రకృతి రూపం మారినట్లే ఇదీను. ‘ఏబుల్–ఎబిలిటీ’, ‘పాసిబుల్–పాసిబిలిటీ’ జంటలను పక్కన ఉంచితే నియమం స్థిరపడుతుంది.

రెండవది, ముందునుంచి ఉపసర్గలను విప్పాలి. ‘ఇర్’ అనేది రేఫం ముందు మారిన ‘ఇన్’. అందువల్ల ఆర్ రెండు. ‘రె’ అంటే తిరిగి.

మూడవది, మిగిలిన ప్రకృతిని గుర్తించాలి. ‘స్పాన్స్’ లాటిన్‌లో మాట ఇవ్వడం అనే అర్థమున్న ధాతువు. ‘స్పాన్సర్’, ‘రెస్పాండ్’, ‘కరెస్పాండ్’ దీని బంధువులే. తిరిగి జవాబు చెప్పుకోవలసిన స్థితి, అది లేకపోవడం అని అర్థం తేలుతుంది.

నాలుగవది, ఇప్పుడు కూడిక గుర్తులన్నీ చెరిపివేసి అక్షరాలుగా పలికించాలి: ఇ-రె-స్పాన్-సి-బి-లి-టీ. ఏడు అక్షరాలు. వ్రాతలో ఆర్ రెండైనా పలకడంలో ఒక్కటే.

ఐదవది, ఊనికను నిలపాలి. ‘ఇటీ’ తన ముందరి అక్షరం మీదికి ఊనికను లాగుతుంది కనుక ‘బి’ మీద ఊనిక. చివరగా నిఘంటువుతో సరిచూసి, ఒక వాక్యంలో ప్రయోగింపజేయాలి.

ఈ క్రమంలో అర్థవిభాగం ముందు, ధ్వనివిభాగం తరువాత రావడం ఉద్దేశపూర్వకమే. ముందే అక్షరాలుగా చీలిస్తే ఏడు నిరర్థకశకలాలు మిగులుతాయి. రెండు విభాగాలను నల్లబల్లపై రెండు వేరువేరు పంక్తులలో వ్రాయాలి. ఒకే పంక్తిలో రెండు గుర్తులు కలిపితే పాత గందరగోళం తిరిగి వస్తుంది.

ఉపసంహారం

సంస్కృత వ్యాకరణపు చట్రాన్ని ఆంగ్లంపై బలవంతంగా దించరాదన్న ఆక్షేపణ న్యాయమైనదే. ఆంగ్లలిపి ధ్వనిని యథాతథంగా చూపదు. ఊనిక లేని అచ్చులు అక్కడ మసకబారుతాయి. అపవాదాలు పుష్కలం. అందుచేత పాణినిని ఆంగ్లానికి శాసనకర్తగా కూర్చోబెట్టమని ఈ వ్యాసం కోరడం లేదు. విద్యార్థికి తెలిసినదాని నుంచి తెలియనిదానికి దారి వేయమని మాత్రమే కోరుతున్నది.

పై పరిశీలన వల్ల తేలినది ఇది. ఆంగ్ల దీర్ఘపదానికి అక్షర విభాగం నాలుకను సిద్ధం చేస్తుంది. పదాంశ విభాగం బుద్ధిని, వర్ణక్రమాన్ని సిద్ధం చేస్తుంది. రెండూ అవసరమే, రెండూ వేరు. గణవిభజన, పదచ్ఛేదం రెండూ అభ్యసించిన విద్యార్థికి ఈ భేదాన్ని కొత్తగా నేర్పనక్కరలేదు, గుర్తుచేస్తే చాలు. ఆంగ్లబోధకులూ వ్యాకరణబోధకులూ ఒకరి పాఠాన్ని ఒకరు విని ఈ వంతెనను కట్టగలిగితే, తన శాస్త్రం తనకు ఆంగ్లంలో అడ్డు కాదని, అండ అని విద్యార్థి గ్రహిస్తాడు. గవర్నమెంట్‌లోని నకారం ఎక్కడికీ పోదని చెప్పిన ఆ విద్యార్థికి ఆ సంగతి అప్పటికే తెలుసు.